సంసారపు పద్దు: ప్రయాణపు కార్డు

మొన్నటి సంక్రాంతికి మా యింటికి వచ్చిన బంధువులలో నొక చిన్నది, హైదరాబాదున కాపురమున్నది, సంచిలోనుండి మిలమిలలాడు కార్డొకటి తీసి, “పిన్నీ, ఇకమీదట మా రైలు ప్రయాణములన్నియు ఉచితమే” యని చూపినది. ఆ క్రెడిట్ కార్డుతో సరకులు కొన్నకొలది పాయింట్లు చేరుననియు, వానితో టిక్కెట్లు కొనవచ్చుననియు చెప్పగా మేమును సంతసించితిమి. ఉగాదికి వచ్చినప్పుడు ఆ మాట యెత్తలేదు. మేమే యడుగగా కంట నీరు పెట్టుకొని బిల్లు చేతికిచ్చినది. ఆ కాగితమును ముందుంచుకొని మేము వేసిన లెక్కయే యీ నెల పద్దు.

ఆమెది స్లీపరులో వచ్చు సంసారము. ఆ కార్డు ఏ.సి. తరగతుల టిక్కెట్లకే నూటికి పది చొప్పున పాయింట్లిచ్చునట. పాయింట్ల కొఱకు మూడవ ఏ.సి.లో వచ్చిరి. స్లీపరు ధర 100 అనుకొన్నచో మూడవ ఏ.సి. ధర సుమారు 250 ఉండును. తిరిగి వచ్చునది 25. ఇరువదియైదు కొఱకు నూటయేబది యధికముగా వెచ్చించుట యే గణితమో మాకు తెలియదు. పసిపిల్లలు, వృద్ధులు ఉన్నచో ఏ.సి. సుఖమే, కాదనము. సుఖమునకై కొనవచ్చును గాని పాయింట్లకై కొనరాదు.

అసలు చిక్కు మఱొకటి. బిల్లులో “కనీస చెల్లింపు” అను నొక చిన్న యంకె యుండును. అది చెల్లించిన చాలునని ఆమె నమ్మినది. బాకీ 20,000 రూపాయలనుకొందము. పెక్కు కార్డులకు నెలకు నూటికి మూడున్నర వడ్డి కలదు. అనగా 700 రూపాయలు. దానిపై జి.ఎస్.టి. నూటికి 18 వంతున 126. వెరసి 826. నూటికి అయిదు చొప్పున 1,000 చెల్లించితిమేని అసలులో తగ్గునది 174 మాత్రమే! ఆ యిరువదివేల కొనుగోళ్లకు నూటికొకటి చొప్పున వచ్చిన పాయింట్లు 200. అవి రూపాయికొకటిగా చెల్లినను ఒక్క నెల వడ్డిలో మూడవ వంతైనను కావు. పైగా పాతబాకీ యుండగా కొన్న క్రొత్త సరకునకు వడ్డిలేని గడువును పోవును. ఊరిలో నూటికి రెండు రూపాయల వడ్డి యడిగిన షావుకారును తిట్టిపోయు మనము మూడున్నర యిచ్చి కానుక యనుకొనుచున్నాము. కార్డు వడ్డి సాలుకు నూటికి 30 మించరాదని 2008లో జాతీయ వినియోగదారుల కమిషను చెప్పిన తీర్పును సుప్రీముకోర్టు 2024 డిసెంబరు 20న కొట్టివేసినది. కావున ఆ యండయు లేదు. గడువు దాటినచో నక్షత్రకుని వలె ఫోనులు వెంటబడును.

పండుగ ప్రయాణికులు మఱొకటి గమనింపవలయును. 2024 నవంబరు 1 నుండి రైలు టిక్కెట్టును 60 దినముల ముందు కొనునట్లు మార్చిరి; అంతకుముందు 120 దినములుండెను. కార్డుపై వడ్డిలేని గడువు సాధారణముగా 45 మొదలు 50 దినములు. గడువు తెఱచిన నాడే టిక్కెట్టు కొన్నవారు శ్రీకాకుళం రోడ్డు స్టేషనులో దిగకమునుపే బాకీ తీర్చవలసియుండును. పండుగ బోనసు వచ్చునని కూర్చుండరాదు.

ఇక కార్డు కావలయుననువారికి. మీ యింట ఏటేట నిజముగా జరుగు ప్రయాణములు వ్రాసికొని, వానికి సరిపడు కార్డునే చూడుడు. 2023 మే 3న భోగాపురమున విమానాశ్రయమునకు శంకుస్థాపన జరిగినది మొదలు మన జిల్లాలలో విమానపు ముచ్చట లెక్కువైనవి. ఏడాదికొక్కసారియైనను విమానమెక్కనివారికి విశ్రాంతిమందిరపు కాఫీ కొఱకు వార్షిక రుసుము దండుగ. జీతము ఒకటవ తేదీన వచ్చు మాబోటి యిండ్లవారు బిల్లు తేదీని దానికి తగినట్లు మార్పించుకొనవలయును. ఆ వెసులుబాటు ఖాతాదారునకుండవలెనని రిజర్వుబ్యాంకు 2022లో విధించినది. బాకీ తీర్చి కార్డు రద్దు కోరినచో ఏడు పనిదినములలో రద్దు చేయవలయుననియు, ఆలసించినచో దినమునకు 500 రూపాయలు ఖాతాదారునకీయవలయుననియు ఆ యుత్తరువులోనే కలదు. ఈ కార్డుతో ఏ.టి.ఎం.లో నగదు మాత్రము తీయకుడు. వడ్డి ఆ దినము నుండియే.

మా చిన్నది చీటీపాట సొమ్ముతో బాకీ యంతయు తీర్చినది. కార్డు నుంచుకొన్నది, కాని నెలసరకులకే, అదియు చేత డబ్బున్నంత మేరకే. దసరాకు స్లీపరులో వచ్చెదమని మొన్న ఫోనులో చెప్పినది. బిల్లు వచ్చిన నాడే పూర్తిగా కట్టితినని, మేమడుగకయే చెప్పినది.