అమరావతికి క్వాంటం యంత్రం సరే, విశ్వవిద్యాలయాలకు నిధులేవి?

విద్యార్థులకు, తల్లిదండ్రులకు, అధ్యాపకులకు, శాసనసభ్యులకు విజ్ఞప్తి

అమరావతిలో క్వాంటం వ్యాలీ రాబోతోంది. 156 క్యూబిట్ల (క్వాంటం సమాచారానికి మూల ప్రమాణాల) హెరాన్ ప్రాసెసర్‌తో నడిచే ఐబీఎం క్వాంటం కంప్యూటర్ యంత్రాన్ని అక్కడ నెలకొల్పుతామని 2025 మే నెలలో ప్రకటించారు. టీసీఎస్, ఎల్ అండ్ టీ అందులో భాగస్వాములు. మేం దీన్ని మనసారా స్వాగతిస్తున్నాం. కానీ ఆ యంత్రాన్ని అర్థం చేసుకుని, దాని మీద కొత్త ప్రశ్నలు వేసి, రేపు దాన్ని మించింది తయారుచేసే మనుషులు ఎక్కడ చదువుకుంటారు? వాల్తేరులోనా, తిరుపతిలోనా, అనంతపురంలోనా? లేక బెంగళూరుకో అమెరికాకో పోయి చదువుకున్నవాళ్లే వచ్చి నడపాలా?

మా కోరిక సూటిగా చెబుతున్నాం. రాష్ట్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో క్వాంటం పరిశోధనకు, బోధనకు రాష్ట్ర బడ్జెట్‌లో ప్రత్యేక పద్దు పెట్టాలి. అది కనీసం పదేళ్లు ఆగకుండా సాగాలి.

క్వాంటం మనకు కొత్త విద్య కాదు. 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కృష్ణా జిల్లా బిడ్డ సూరి భగవంతం భౌతికశాస్త్రం బోధించారు. కాంతి అణువులతో శక్తిని ఇష్టమొచ్చినంత కాక విడివిడి మోతాదుల్లోనే ఇచ్చిపుచ్చుకుంటుందని కళ్లకు కట్టిన రామన్ ఫలితం మీద ఆయన పనిచేశారు. శిష్యుడు వెంకటరాయుడితో కలిసి క్వాంటం సిద్ధాంతానికి ఆయువుపట్టయిన గ్రూపు సిద్ధాంతం మీద పుస్తకం రాశారు. దాన్ని 1948లో అచ్చువేసింది ఆంధ్ర విశ్వవిద్యాలయమే. అదే ప్రాంగణంలో రంగధామారావు వర్ణపట పరిశోధనకు గట్టి పునాది వేశారు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చీరాని రోజుల్లో, ఇప్పటితో పోలిస్తే ఏమీ లేని రోజుల్లో జరిగిన పని ఇది.

ఒక క్వాంటం గణాంక పద్ధతికి తన పేరిచ్చిన సత్యేంద్రనాథ్ బోస్ కూడా ప్రభుత్వ విశ్వవిద్యాలయ అధ్యాపకుడే. 1924లో ఆయన ఐన్‌స్టయిన్‌కు తన వ్యాసం పంపేనాటికి ఢాకా విశ్వవిద్యాలయం వయసు మూడేళ్లు. నిన్నగాక మొన్న, 2025లో భౌతికశాస్త్ర నోబెల్ అందుకున్న ముగ్గురి సంగతీ చూడండి. వారి ప్రయోగాలు 1984, 85లలో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో జరిగాయి. జాన్ క్లార్క్ ఆచార్యుడు, మిషెల్ డెవొరే పీహెచ్‌డీ ముగించి వచ్చిన పరిశోధకుడు, జాన్ మార్టినిస్ ఇంకా విద్యార్థి. అతివాహక వలయం మొత్తం ఒక క్వాంటం కణంలా ప్రవర్తించగలదని వాళ్లు చూపించారు. అమరావతికి రాబోయే యంత్రంలోని క్యూబిట్లు ఆ పని నుంచి మొలకెత్తినవే. ఆనాడు దానితో లాభం చేసుకునే కంపెనీ ఒక్కటీ లేదు. ప్రజల సొమ్ము పెట్టినందునే ఆ ప్రయోగం సాధ్యమైంది, ఫలితం నలభై ఏళ్లకు అందింది. మార్కెట్ అంతకాలం ఆగదు. అందుకే ప్రభుత్వాన్ని అడుగుతున్నాం.

కేంద్రం చేయడం లేదా అని అడగవచ్చు. చేస్తోంది. 2023 ఏప్రిల్‌లో ఆమోదించిన జాతీయ క్వాంటం మిషన్‌కు 6,003.65 కోట్ల రూపాయలు కేటాయించారు. దానికి నాలుగు కేంద్రాలు: బెంగళూరులోని ఐఐఎస్‌సీ, మద్రాసు, బొంబాయి, ఢిల్లీ ఐఐటీలు. మంచి సంస్థలే. కానీ ఆ నాలుగింటిలో రాష్ట్ర విశ్వవిద్యాలయం ఒక్కటీ లేదు. మన పిల్లల్లో ఎక్కువమంది చదివేది ఐఐటీల్లో కాదు. వాళ్లకు ఆ డబ్బు చేరాలంటే ఇక్కడ అందుకునే ల్యాబులు, దరఖాస్తు రాసి పని నడిపించే ఆచార్యులు ఉండాలి. ఖాళీ కుర్చీలకు ఎవరూ గ్రాంటు ఇవ్వరు.

ఆ కుర్చీలు ఏళ్ల తరబడి ఖాళీగానే ఉన్నాయి. పదవీ విరమణ చేసిన ఆచార్యుడి స్థానంలో గెస్ట్ లెక్చరర్ వస్తారు. గంటకింత అని జీతం తీసుకునే మనిషి పీహెచ్‌డీ విద్యార్థిని ఎలా చేరదీస్తారు, అయిదేళ్ల ప్రయోగం ఎలా తలపెడతారు? ఇంటర్‌లో ఎంపీసీ చదివిన పిల్లల్లో చాలామంది ఇంజినీరింగ్‌కే వెళుతుంటే డిగ్రీ కాలేజీల్లో ఫిజిక్స్ సెక్షన్లు పలచబడుతున్నాయి. క్వాంటం మాట దేశమంతా మారుమోగుతున్న రోజుల్లో దాన్ని చెప్పే తరగతి గది బోసిపోవడం మమ్మల్ని కలచివేస్తోంది.

ల్యాబుల సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే చాలామంది భయపడతారు. ఐబీఎం యంత్రంలోని చిప్‌ను పరమ శూన్య ఉష్ణోగ్రతకు డిగ్రీలో వందో వంతు దగ్గరగా చల్లబరచాలి. దానికి హీలియం-3 కలిసిన శీతలీకరణ వ్యవస్థ కావాలి. అది ప్రతి విశ్వవిద్యాలయానికీ సాధ్యం కాదు, అక్కర్లేదు కూడా. ఒక నీలి లేజరు, ఒక స్ఫటికం, ఒక్కొక్క ఫోటాన్‌నూ లెక్కపెట్టే డిటెక్టర్లు ఉంటే చాలు, మామూలు గదిలో బల్ల మీదే ఎంటాంగిల్‌మెంట్‌ను (రెండు ఫోటాన్ల స్థితులు విడదీయలేనంతగా ముడిపడి ఉండటాన్ని) ఎమ్మెస్సీ విద్యార్థి తన చేతులతో కొలవగలడు. వజ్రంలో నైట్రోజన్ చేరిన చోటి లోపాన్నే క్యూబిట్‌గా వాడే ప్రయోగానికీ గది ఉష్ణోగ్రత సరిపోతుంది. వంట పుస్తకం చదివితే వంట రాదు. క్వాంటం కూడా బోర్డు మీద సమీకరణాలతోనే వచ్చే విద్య కాదు.

పరికరం కొనడం ఒక్కటే చాలదు. డిటెక్టరు పాడైతే బాగుచేయించే డబ్బు, దాన్ని కాపాడే శిక్షణ పొందిన ల్యాబ్ టెక్నీషియన్ లేకపోతే అట్టపెట్టెలో మూలనపడుతుంది. మన ల్యాబులు చూసినవారికి ఈ మాట వేరే చెప్పనక్కర్లేదు. కాబట్టి కొనుగోలు గ్రాంటులోనే మరమ్మతుకు, టెక్నీషియన్ జీతానికి వాటా కట్టి ఇవ్వాలి.

పాఠ్యప్రణాళిక కోసం ఎదురుచూడాల్సిన పని లేదు. ఇంజినీరింగ్ విద్యార్థులకు క్వాంటం మైనర్ కోర్సు నమూనాను ఏఐసీటీఈ 2024 చివర్లోనే విడుదల చేసింది. చెప్పేవాళ్లను తయారుచేయాలి. డిగ్రీ, ఇంజినీరింగ్ కాలేజీల అధ్యాపకులకు వేసవిలో జీతంతో కూడిన శిక్షణ కావాలి. క్వాంటం పేరు పెట్టి లక్షల ఫీజుతో సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సులు తెరవడాన్ని మాత్రం మేం వ్యతిరేకిస్తాం. కూలి పనికి వెళ్లే ఇంటి బిడ్డ కూడా ఈ చదువులోకి రాగలగాలి. పరిశోధక విద్యార్థి ఫెలోషిప్ నెల నెలా ఒకటో తేదీన అందాలి.

"ఊళ్లో మంచినీళ్లకు దిక్కు లేదు, హాస్టల్ మెస్ బిల్లులు బాకీ, ఇప్పుడు క్వాంటమా?" అని అడిగేవారున్నారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. నీళ్ల డబ్బు తీసి ల్యాబుకు పెట్టమని మేం అడగడం లేదు. క్వాంటం వ్యాలీకి ఇచ్చే భూమి, రాయితీలు కూడా ప్రజల సొమ్మే. అందులో ప్రతిఫలంగా ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు వాటా రావాలంటున్నాం. ఆ యంత్రం మీద మన విద్యార్థులకు ఏటా ఉచితంగా ఇన్ని గంటలని ఒప్పందంలోనే రాయించాలి. ఒప్పందం కుదిరిపోయాక అడిగితే ఎవరూ వినరు.

దేశం మొత్తం మీద పరిశోధనకు పెట్టే ఖర్చు జాతీయోత్పత్తిలో ఒక్క శాతానికి కూడా చేరలేదు. సుమారు 0.64 శాతం. రాష్ట్రాలు తమ వంతు వేయకపోతే అది పెరిగే దారి లేదు.

బడ్జెట్ సమావేశాలు మొదలయ్యేలోగా మీ శాసనసభ్యుణ్ని కలవండి. మీ జిల్లా విశ్వవిద్యాలయంలో ఫిజిక్స్‌కు మంజూరైన ఆచార్య పోస్టులెన్ని, వాటిలో భర్తీ అయినవెన్ని, మిగిలినవాటికి నోటిఫికేషన్ ఏ తేదీన ఇస్తారు అని రాతపూర్వకంగా అడగండి. అదే ప్రశ్నను సభలో వేయమని కోరండి. కాలేజీ అధ్యాపక సంఘాలు, విద్యార్థి సంఘాలు తీర్మానాలు చేసి ఉన్నత విద్యామండలికి పంపండి. ఈ కరపత్రాన్ని నకలు తీసి మీ కాలేజీ నోటీసు బోర్డు మీద అంటించండి.