ఇన్సులిన్ మందైతే, స్ట్రిప్పు ఏమిటి మరి?

మా ఆయనకి నైట్ షిఫ్ట్ పడిన వారం అంటే నాకు భయం. పది గంటలకి బాయికి బయల్దేరితే మళ్ళీ పొద్దున ఏడు దాటాకే ఇంటికి. పిల్లలిద్దరూ హైదరాబాద్‌లో ఉన్నారు. క్వార్టర్లో నేనూ, అత్తమ్మా. ఆమెకి డెబ్భై రెండేళ్ళు. పదమూడేళ్ళుగా షుగర్, నాలుగేళ్ళ నుంచి రెండు పూటలా ఇన్సులిన్.

పోయిన నెల అలాంటి ఒక రాత్రి రెండింటికి "ఏమో అయితుంది బిడ్డా" అని లేపింది. జాకెట్టు చెమటతో తడిసిపోయింది. చేతులు వణుకుతున్నాయి. మీటరు తీశాను. డబ్బాలో మిగిలింది ఒకే ఒక్క స్ట్రిప్పు. వేలు గుచ్చి చూస్తే 54. వెంటనే గ్లాసు నీళ్ళలో మూడు చెంచాల చక్కెర కలిపి తాగించాను. షుగర్ డెబ్భై కంటే కిందికి పోతే పదిహేను గ్రాముల చక్కెర ఇవ్వాలి, పదిహేను నిమిషాలు ఆగి మళ్ళీ చూడాలి, ఇంకా తక్కువుంటే మళ్ళీ ఇవ్వాలి. ఏ డాక్టరైనా చెప్పేది ఇదే. ఆ "మళ్ళీ చూడాలి" అన్నదానికి నా దగ్గర స్ట్రిప్పు లేదు. ఆ సాయంత్రమే మెడికల్ షాపులో అడిగాను. "మీ మీటరువి అయిపోయినయక్కా, సోమవారం వస్తయి" అన్నాడు ఆ అబ్బాయి. తెల్లారేదాకా ఆమె నుదురు తడుముతూ, మాట్లాడిస్తూ కూర్చున్నాను. నిద్రపోతుంటే ఇది నిద్రా, మరోటా అని భయం.

ఈ సంగతి చెబితే మా లైన్లో ఒకావిడ అంది, "గంట గంటకు షుగర్ చూసుకుంట కూసుంటే ఎట్లా వదినా? మూడు నెలలకోసారి ల్యాబుల చూపిస్తే సాలదా?" మా ఆయనా దాదాపు అదే అన్నారు. చదువుకున్నవాళ్ళూ ఇదే అంటారు కాబట్టి జవాబు చెప్పాలనిపించింది.

మూడు నెలల పరీక్ష చెప్పేది సగటు. రాత్రి రెండింటికి 54, పగలు పన్నెండింటికి 290 ఉన్న మనిషికీ సగటు బాగానే రావచ్చు. ఇల్లు నడిపేవాళ్ళకి దీన్ని వివరించక్కర్లేదు. నెల మొత్తం మీద సగటున బియ్యం సరిపోయాయంటే ఇరవై ఎనిమిదో తారీఖున డబ్బాలో ఉన్నాయని కాదు కదా. మా ఆయన్ని అడిగాను. మీరు షిఫ్టు దిగే ముందు సర్దార్ గ్యాస్ చూస్తాడు. మూడు నెలలకోసారి చూసి సగటు బాగుంది, దిగండి అంటే దిగుతారా? ఆయన నవ్వి ఊరుకున్నారు. నేను నవ్వలేదు.

ఒకటి ఒప్పుకుంటాను. షుగర్ ఉన్న ప్రతివాళ్ళూ రోజూ గుచ్చుకోనక్కర్లేదు. మాత్రలతో నిలకడగా ఉన్నవాళ్ళకి రోజూ ఇంట్లో చూసుకోవడం వల్ల పెద్ద ఉపయోగం కనబడలేదని పరిశోధనలే చెప్పాయి. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం మన దేశంలో షుగర్ ఉన్నవాళ్ళు పది కోట్ల పైనే. అందరికీ రోజుకి రెండు స్ట్రిప్పులు ఇమ్మని నేను అనడం లేదు. నేను మాట్లాడేది ఇన్సులిన్ వేసుకునేవాళ్ళ గురించి, షుగర్ వచ్చిన గర్భిణుల గురించి. ఇన్సులిన్ కొలిచి వేసుకునే మందు. ఎక్కువైతే మనిషిని పడేస్తుంది. దాన్ని చేతిలో పెట్టి, ఎంత ఉందో చూసుకునే సాధనం మాత్రం నీ ఖర్చుతో నువ్వు తెచ్చుకో అనడం ఏం వైద్యం?

ఖర్చు ఎంతో చెబుతాను. అత్తమ్మకి ఇన్సులిన్ దొరకడం ఎప్పుడూ కష్టం కాలేదు. ఆమె వాడే ముప్పై-డెబ్భై రకం సీసా బయట కొన్నా రెండు వందల లోపే, నెలకి మూడు చాలు. స్ట్రిప్పులు నేను కొనే రకం యాభై ఉన్న డబ్బా ఎనిమిది వందల తొంభై. అంటే ఒక్కోటి దాదాపు పద్దెనిమిది రూపాయలు. రోజుకి రెండు చొప్పున నెలకి అరవై, వెయ్యి డెబ్భై రూపాయలు. షుగర్ పడిపోయిన రాత్రి ఒక్కటే మూడు నాలుగు మింగుతుంది. రక్తం చాలక ఎర్రర్ వచ్చినవి లెక్కలోకి రావు. మందు ఆరు వందల లోపు, కొలత వెయ్యి పైన! తూకం రాళ్ళు బియ్యం కంటే ఖరీదైన కొట్టు ఎక్కడైనా చూశారా?

2025 సెప్టెంబరు 22 నుంచి మీటర్ల మీదా స్ట్రిప్పుల మీదా జీఎస్టీ పన్నెండు నుంచి ఐదు శాతానికి తగ్గింది. నా డబ్బా మీద అరవై రూపాయల దాకా కలిసొచ్చింది. సంతోషమే. 2021 జూలైలో మీటర్ల మీద అమ్మకందార్ల లాభానికి డెబ్భై శాతం హద్దు పెట్టారు. అదీ సంతోషమే. కానీ మీటరు ఒక్కసారి కొంటాం. డబ్బా కొంటే మీటరు ఊరికే ఇచ్చేవాళ్ళూ ఉన్నారు. ఎందుకిస్తారో తెలియనంత అమాయకులం కాదు. ఒక కంపెనీ స్ట్రిప్పు ఇంకో కంపెనీ మీటరులో పట్టదు. ఒకసారి మా పిన్ని కొడుకు అమెరికా నుంచి నాలుగు డబ్బాలు మోసుకొచ్చాడు, పాపం. ఒక్కటీ మా మీటరుకి సరిపోలేదు. వాటిని ఏం చేయాలో తెలియక ఏడాది పాటు బీరువాలో దాచాను, గడువు తీరాక పారేశాను.

అన్నట్టు అమెరికాలో పెద్దవాళ్ళకి ఉండే మెడికేర్‌లో ఇన్సులిన్ వాడేవాళ్ళకి మూడు నెలలకి 300 స్ట్రిప్పులు, వాడనివాళ్ళకి 100 లెక్క కడతారు. ఎవరికి ఎంత అవసరమో ఆలోచించి గీసిన గీత అది. ఇంగ్లండులో డాక్టరు చీటీ మీద స్ట్రిప్పులు వస్తాయి. వాటిని చికిత్సలో భాగంగా చూశారు.

మన దగ్గర చూసే తీరు వేరు. మా చెల్లెలి భర్తది ప్రైవేటు ఉద్యోగం. వాళ్ళ బీమా వాళ్ళు బిల్లులో ఇన్సులిన్ ఉంచి, స్ట్రిప్పుల మీద గీత కొట్టి పంపించారు, "ఇది మందు కాదు" అని. మందు కాకపోతే ఏమిటది? బొట్టుబిళ్ళా? కేంద్రమే 2020 ఏప్రిల్ 1 నుంచి వైద్య పరికరాలన్నిటినీ మందుల చట్టం కిందికి తెచ్చింది. చట్టానికి మందే, బిల్లు దగ్గరికొచ్చేసరికి కాదు. నేను బీఏ తెలుగు చదివినదాన్ని, మాటలకి అర్థం వెతకడం అలవాటు. ఇక్కడ మాత్రం అర్థం చిక్కలేదు.

రోగి చేతికి కొలత ఇవ్వకపోవడం ఇప్పటిది కాదు లెండి. 1969 ప్రాంతంలో అమెరికాలో రిచర్డ్ బెర్న్‌స్టీన్ అనే ఇంజనీరు, పన్నెండో ఏట నుంచి షుగర్ ఉన్నవాడు, అప్పుడే వస్తున్న మీటరు ఒకటి కొనాలనుకున్నాడు. కిలో పైన బరువున్న పెట్టె. డాక్టర్లకే అమ్ముతాం, రోగులకి అమ్మం అన్నారు. ఆయన భార్య డాక్టరు కాబట్టి ఆమె పేరు మీద తెప్పించుకున్నాడు. ఇంట్లోనే చూసుకుంటూ తన షుగర్ తనే అదుపులోకి తెచ్చుకుని, నలభై ఐదేళ్ళ వయసులో వైద్య కళాశాలలో చేరి తనూ డాక్టరయ్యాడు. మనకి మీటరు ఎవరైనా అమ్ముతారు. అడ్డు ఇప్పుడు ధర దగ్గరుంది, సోమవారం వస్తయి అనే మాట దగ్గరుంది.

చవకగా చేయలేరా అంటే, చేశారు. 2013 డిసెంబరులో ఐసీఎంఆర్ తోడ్పాటుతో తయారైన రెండు దేశీ మీటర్లని ఢిల్లీలో విడుదల చేశారు. ఒకటి మన హైదరాబాద్ బిట్స్‌లో పుట్టింది. స్ట్రిప్పు ఐదు రూపాయల లోపే పడుతుందన్నారు. మా షాపులో అడిగితే ఆ పేర్లే వినలేదన్నాడు. జన్ ఔషధి దుకాణాల్లో తక్కువకి దొరుకుతాయి, ఆ మీటరు కూడా కొనుక్కుంటే. దగ్గర్లో ఉన్నవాళ్ళు తప్పక వాడండి. నేనూ ఈసారి గోదావరిఖని వెళ్ళినప్పుడు చూస్తాను.

ఇక మన సంగతి. మా వెనక లైన్లో ఒకామెకి, ఆమె భర్తకి ఇద్దరికీ ఇన్సులిన్. భర్తకి రోజూ రెండుసార్లు చూస్తుంది. "మరి నీకు?" అంటే, "ఆయన బాయికి పోవాలె గదక్కా, నేను ఇంట్లనే ఉంట గద" అంది. ఇంట్లో ఉంటే షుగర్ పడిపోదా? స్టవ్ ముందు పడిపోతే? ఆమెని కోప్పడి ఇంటికొచ్చాక నాకే సిగ్గేసింది. మా చిన్నదాని కడుపుతో ఉన్నప్పుడు నాకు షుగర్ వచ్చింది. కాన్పు తర్వాత పోయింది. అలా వచ్చినవాళ్ళకి తర్వాత షుగర్ వచ్చే అవకాశం ఎన్నో రెట్లు ఎక్కువ, ఏడాదికోసారైనా పరీక్ష చేయించుకో అని డాక్టరమ్మ చెప్పి పంతొమ్మిదేళ్ళయింది. మధ్యలో ఎన్నేళ్ళు ఎగ్గొట్టానో లెక్క లేదు. పండగకి చీర కొనుక్కున్నాను గానీ, అత్తమ్మ డబ్బాలోంచి ఒక స్ట్రిప్పు తీసుకోవడానికి చెయ్యి రాలేదు. ధర పెరిగినా సరుకు తగ్గినా ఇంట్లో మొదట కోత పడేది ఆడవాళ్ళ వేలికే. అందుకే దీన్ని ఇంటి పొదుపుకి వదిలేయకూడదంటున్నాను.

నేను అడిగేది ఇంతే. ఇన్సులిన్ ఎవరిస్తే వాళ్ళే స్ట్రిప్పులూ ఇవ్వాలి. సర్కారైనా, ఉద్యోగం ఇచ్చిన కంపెనీ అయినా, బీమా అయినా సరే. నెలకి అరవై, గర్భిణులకి ఇంకాస్త ఎక్కువ. డాక్టరు చీటీలో ఇన్సులిన్ పక్కనే స్ట్రిప్పులు కూడా రాయాలి. మన వంతుగా చీటీ రాసేటప్పుడు "స్ట్రిప్పులు కూడా రాయండి సార్" అని నోరు తెరిచి అడగాలి. ఇవ్వం అంటే ఇవ్వమని కాగితం మీద రాసివ్వమనాలి. మా చెల్లెలు ఇప్పుడు ఆ బీమా వాళ్ళకి ఉత్తరం రాస్తోంది. చిత్తుప్రతి నాకు పంపింది, నేను దిద్దుతున్నాను. మీలో ఎవరికైనా ఇలా గీత కొట్టిన బిల్లులుంటే ఏమని కొట్టారో కింద రాయండి, ఉత్తరంలో కలుపుతాం.

సోమవారం డబ్బా వచ్చింది. రెండు కొన్నాను. రెండోది నాకు.