అప్పగింతలో చేరని అంకెలు

పంచాయతీగా నుండి, 2019లో నగరపాలక సంస్థయై, 2025 డిసెంబరులో హైదరాబాదు మహానగరపాలక సంస్థలో విలీనమైన బడంగ్‌పేటలో బోర్డులు మారిన వేగమును జూచినవారికి, బోర్డు మారినంతనే లోపలి వ్యవహారమెల్ల మారదని వేరుగా చెప్పనక్కరలేదు. ఇట్టి మార్పులలో ఉద్యోగులు బదిలీ యగుదురు, సెక్షనులు కలసిపోవును, బీరువాల తాళములు చేతులు మారును, ఫైళ్ల జాబితాపై ఇచ్చినవారును పుచ్చుకొన్నవారును సంతకములు చేయుదురు. కాని వరండా మూలనుండు ఉమ్మడి ప్రింటరులో ఎవరెవరి కోడులు ఇంకను చెల్లుచున్నవో, వానిలో నేవి రద్దు కావలసినవో తెలుపు పంక్తి ఏ కార్యాలయపు చార్జి కాగితములలోను నాకింతవరకు కానరాలేదు. సర్కారు కచేరీల మాట యటుంచి, 2008లో శంషాబాదు విమానాశ్రయము తెరచిన పిమ్మట ఆ చుట్టుపట్ల వెలసిన సరకు రవాణా ఏజెంట్ల కార్యాలయములలోను స్థితి యింతకంటె మేలుగా లేదు.

యూజరు కోడనగా బ్రహ్మవిద్య యేమియు కాదు. రికో యంత్రములలో ఎనిమిది అంకెలకు మించకుండను, కేనన్ యంత్రములలో డిపార్టుమెంటు ఐడీ యను పేర ఏడు అంకెలకు మించకుండను ఒక సంఖ్యను ఉద్యోగికి గాని సెక్షనుకు గాని కేటాయింతురు. ఆ సంఖ్యను నొక్కినగాని యంత్రము కదలదు. కదలిన పిమ్మట నలుపెన్ని, రంగువెన్ని, జెరాక్సు లెన్ని, ప్రింటు లెన్ని, స్కానులెన్ని యని ఆ సంఖ్య క్రింద వ్రాసికొనును. 1959లో ప్రకటించిన 914 అను యంత్రమును జెరాక్సు కంపెనీ నెలకు 95 డాలర్ల అద్దెకిచ్చి, 2,000 ప్రతులు దాటినవానికి వేరుగా సొమ్ము వసూలు చేసిన నాటినుండియు యంత్రములో మీటరు కలదు. ఎన్ని తీసిరన్నది యంత్రము సొంతదారునకు కావలసిన లెక్క. ఎవరు తీసిరన్నది కార్యాలయమునకు కావలసిన లెక్క. మొదటిదానికి నెలనెల మీటరు రీడింగు తీయు కుర్రవాడు తప్పక వచ్చును. రెండవదానికై వచ్చువాడెవ్వడు?

పేరు చెప్పనొల్లని ఒకానొక కార్యాలయమున నేను కన్నులార జూచినది వ్రాయుచున్నాను. యంత్రపు మూతకు సెల్లోటేపుతో నంటించిన చీటిపై ఎర్ర స్కెచ్ పెన్నుతో నాలుగంకెలు వ్రాసియున్నవి. అవి యెవరి కోడని అడుగగా, బదిలీయైపోయిన యొక సూపరింటెండెంటుగారిదని అటెండరు నిస్సంకోచముగా చెప్పెను. టపా నకలులు మొదలు పిల్లల స్కూలు ప్రాజెక్టులు, ఎవరిదో బావమరిది అమ్మజూపు ప్లాట్ల రంగుల బ్రోచరుల వరకు సమస్తమును ఆ పెద్దమనిషి ఖాతాలోనే పడుచున్నవి. ఆయన యేమో మరియొక జిల్లాలో హాయిగా నున్నాడు! బడంగ్‌పేట పక్కనున్న బాలాపూరులో 1994లో 450 రూపాయలకు మొదలైన గణేశుని లడ్డూ వేలములో ఎవరు పాడిరో, ఎంతకు పాడిరో మైకులో ఊరంతటికి చాటుదురు. ఐదువందల కాగితముల రీము ఒక మధ్యాహ్నమున మాయమైనచో ఎవరి పాటకు పోయెనో చెప్పు మైకు కచేరీలో లేదు.

ఇట్టి వార్త పైయధికారి చెవిని బడినంతనే ఆయనకు దోచు మందు కోత: ఒక్కొక్కరికి నెలకిన్నియే కాగితములని హద్దు విధించును. నా యభిప్రాయమున రోగమునకంటె ఈ మందే చెరుపు. ఆస్తిపన్ను నోటీసులు పంపవలసిన నెలలో బిల్లు కలెక్టరుకు హద్దు పదవ తేదీకే తీరిపోవును. పని ఆగరాదు గనుక పక్క కుర్చీవాని కోడు అరువడుగును. ఒకసారి అరువిచ్చిన కోడు తిరిగి వచ్చునది కాదు. మూతమీది చీటి యట్లే పుట్టినది. హద్దు పెట్టినచో రంగు ప్రింటుకు మాత్రము పెట్టి, నలుపుకు లెక్క చూచుటతో తృప్తిపడుట మేలు. ఆ లెక్కనైనను నోటీసు బోర్డునకెక్కించి మనుష్యులను నవ్వులపాలు చేయక, సెక్షను పెద్ద పిలిచి యడిగిన చాలును. అడుగక విడిచిన లెక్క మాత్రము లేనిదానితో సమానము.

కాగితపు ఖర్చును మించిన చిక్కు మరియొకటి కలదు: రహస్యము బయటపడుట. 2022 అక్టోబరు 16న జరిగిన గ్రూప్-1 ప్రిలిమినరీ పరీక్షను, ప్రశ్నపత్రములు బయటపడిన కారణమున తెలంగాణ పబ్లిక్ సర్వీసు కమిషను 2023 మార్చి 17న రద్దుచేసినది. లక్షల నిరుద్యోగుల కష్టమును మట్టిపాలు చేసిన ఆ వ్యవహారములో, రహస్య విభాగపు కంప్యూటరులోనికి పరులెట్లు ప్రవేశించిరన్నదియే దర్యాప్తునకు మొదటి ప్రశ్నయైనది. ఒకరి అంకెలతో మరియొకరు లోన జొరబడు అలవాటు కచేరీలలో ఎక్కడ మొదలగునని అడిగినచో, ప్రింటరు దగ్గరనే యని నేను చెప్పుదును. కోడు వలననే కాక యంత్రములోని డిస్కు వలనను రహస్యము బయటపడవచ్చును: అమెరికాలో అఫినిటీ యను ఆరోగ్యబీమా సంస్థ అద్దె కాపీయరులను డిస్కులు తుడువకయే తిరిగి పంపి, వానిలో రోగుల వివరములు నిలిచియున్నందున 2013లో 12 లక్షల డాలర్లకు పైగా చెల్లించినది. ఆధారు నకలులు, సేల్ డీడులు దినమంతయు మ్రింగెడు మన యంత్రములు అద్దె గడువు తీరి లారీ ఎక్కునప్పుడు డిస్కు సంగతి అడుగువారుండవలెను.

కోడులు పెట్టితిమని నిశ్చింతగా నుండు కార్యాలయములలో సైతము ఒక కిటికీ తరచుగా తెరచియే యుండును: యంత్రపు పలకపై జెరాక్సునకు కోడు అడుగును గాని, కంప్యూటరునుండి వచ్చు ప్రింటునకు అడుగదు. కోడులేని ప్రింటును నిరాకరింపుమని యంత్రపు సెట్టింగులలో ప్రత్యేకముగా చెప్పవలెను. ప్రతి కంప్యూటరులోని డ్రైవరునందు ఆయా యుద్యోగి కోడు నమోదు చేయవలెను. కర్మాగారమువారిచ్చిన అడ్మిను పాస్‌వర్డును మార్చుట మొదటి దినపు పని. సర్వీసు ఇంజినీరు ఎదుటనుండగానే దానిని ముగింపవచ్చును.

విలీనపు అప్పగింతలు చూచుచున్న అధికారులకు నా విన్నపమొక్కటే. చార్జి జాబితాలో, రిలీవింగు కాగితములో, పదవీ విరమణనాటి నో డ్యూస్‌లో ఒక పంక్తి చేర్చుడు: ఈ యుద్యోగి ప్రింటరు కోడు ఫలానా తేదీన రద్దు చేయబడినది. దాని క్రింద రద్దు చేసినవారి సంతకముండవలెను.