మండపీతయు, నీరుకుక్కయు

కోరంగి మడయడవుల చేరువను చేపల చెరువులు గల మన సభ్యులు కొందఱు, నీరుకుక్కలను పట్టుటకు సంఘము బోనులు తెప్పింపవలెనని కోరుచున్నారు. ఆ నోటనే మండపీతకు మంచి ధర పలుకుచున్నదని సంతసించుచున్నారు. ఒకటి దొంగ, రెండవది లక్ష్మి యను నీ తీర్పు మాకు సమ్మతము గాదు.

నష్టము లేదని మేమనము. ఎదిగిన నీరుకుక్క దినమునకు ఇంచుమించు 1 కిలో చేపలను దినును. ఒంటరిగా రాదు, పిల్లలతో గూడ వచ్చును, వలలను జింపును. అది వేడి నెత్తురు గల జంతువు. చన్నీట నీదుచు ఆ వేడిని నిలుపుకొనుటకు అంత తిండి కావలయును. పీతకు ఆ యక్కఱ లేదు. నీటి వేడియే దాని వేడి. మొప్పలు తడిగా నున్నచో వెలుపలను కొన్ని దినములు బ్రదుకును. అందుచేతనే కాళ్లు త్రాటితో గట్టి ప్రాణముతోనే దూరదేశములకు బంపుచున్నారు.

కాని గట్టు మాట యేమి? పీత బొరియలు త్రవ్వును. ఆ బొరియల వెంట నీరు కాఱి గట్టు బలహీనమగును. గండి పడిననాడు ఎలుకను దిట్టుదుము, కూలివానిని దిట్టుదుము, పీతను మాత్రము దిట్టము. దానికి ధర కలదు గదా! ఆ పీతలను దినువానిలో నీరుకుక్క యొకటి.

సంతానమున భేదము మిక్కిలి గొప్పది. ఆడుపీత సముద్రమునకు బోయి ఒక్క తడవకు దశలక్షల కొలది గ్రుడ్లను బొదుగును. వానిలో బెక్కు నశించినను, మిగిలిన పిల్లలు మడకు దిరిగివచ్చును. నీరుకుక్క రెండు మాసములు మోసి సాధారణముగా 2 మొదలు 5 పిల్లలను మాత్రమే యీనును. వానికి నీదుటయు వేటయు నేర్పవలసినది పెద్దలే. బోనున బడిన తల్లితో ఆ యేటి పిల్లలును బోవును. పైగా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము దానిని పట్టుటయు జంపుటయు నేరము. బోను తెచ్చిన సంఘము తన సభ్యునే జెయిలునకు బంపినదగును.

చెరువు చుట్టును వలకంచె వేసి, దాని యడుగును నేలలో మూరెడు లోతున బాతవలెను. వేసవిలో బొరియలను బంకమట్టితో గట్టిగా బూడ్చవలెను. గ్రుడ్లతో నున్న పీత చిక్కినచో విడువవలెను. ఇది కొందఱికి రుచింపదని యెఱుగుదుము. అయినను, బోనులకై కోరిన సొమ్మును కంచెలకు అప్పుగా నిప్పింపుడని వచ్చు సర్వసభ్య సమావేశమున మేము ప్రతిపాదింపనున్నాము.