దేవుణ్ణి పుట్టించింది భయమేనా? (మతం – మనం: 6)



పోయిన వారం స్టడీ సర్కిల్‌లో ఒక విద్యార్థి లేచి అన్నాడు: "మేడం, ఉరుముకీ మెరుపుకీ భయపడి మనిషి దేవుణ్ణి కల్పించుకున్నాడు. ఇప్పుడు సైన్సు వచ్చింది కదా, ఇంకా దేవుడితో పనేంటి? మన పల్లెల్లోనే ఈ మూఢత్వం ఎక్కువ."

అందరూ చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. "మన పల్లెల్లోనే" అన్న మాట దగ్గర ఆగిపోయాను. అతనిది మాదిగపల్లె. తల్లి ప్రతి ఆదివారం చర్చికి పోతుంది. ఎవరి దగ్గర అరువు తెచ్చుకున్న మాటతో ఎవర్ని చిన్నబుచ్చుతున్నాడో అతనికి తెలియలేదు. ఈ భాగం అతని కోసం.

ముందే చెప్తున్నా, నేను దేవుణ్ణి నమ్మను. అయినా "భయమే దేవుడైంది" అనే సిద్ధాంతాన్ని కూడా పూర్తిగా నమ్మను. అది అబద్ధం కాదు, సగం నిజం. ఆ సగాన్ని పట్టుకుని మన హేతువాద పెద్దలు మిగతా సగాన్ని వదిలేశారు.

పోచమ్మనే తీసుకోండి. మశూచికి మనవాళ్ళు పెట్టుకున్న పేరే "అమ్మవారు". ఒంటి మీద పొక్కులు లేస్తే అమ్మవారు పోసిందన్నారు, వేపాకు పరిచారు, బోనం వండారు. ఇక్కడ భయం ఉంది, కాదనను. కానీ మశూచి మన దేశంలో 1975లో ఆగిపోయింది. 1980లో ప్రపంచంలోనే లేదని ప్రకటించారు. భయం ఒక్కటే పోచమ్మను పుట్టించి ఉంటే, ఆ ఏడే ఆమె గుడికి తాళం పడాలి. పడలేదు. బోనాలు 2014లో తెలంగాణ రాష్ట్ర పండుగ అయ్యాయి. రోగం పోయినా అమ్మవారు ఎందుకు ఉంది? ఏడాదికోసారి వాడంతా ఒకచోట నిలబడటానికి ఆమె కావాలి కాబట్టి. చచ్చిపోయినవాళ్ళను తలుచుకోడానికి, పుట్టింటికి ఆడబిడ్డలు రావడానికి ఆమె కావాలి కాబట్టి.

ఇంకో సంగతి. 1876–78 కరువులో ఒంగోలు ప్రాంతం అల్లాడిపోయింది. బాప్టిస్టు మిషనరీ క్లౌ బకింగ్‌హామ్ కాలవ తవ్వకంలో కొంత పని కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని ఏడాదికి పైగా బాప్తిస్మాలే ఆపేశాడు. తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. చాలామంది మాదిగలు. దొర ఒక్కడి బోధ వల్ల ఇది జరగలేదు. అంతకు పన్నెండేళ్ళ ముందే బాప్తిస్మం తీసుకున్న యర్రగుంట్ల పేరయ్య, ఆయనలాంటి మాదిగ బోధకులు పల్లె పల్లెకీ కాలినడకన తిరిగారు.

"గంజి కోసం మారారు" అని ఇప్పటికీ వెక్కిరిస్తారు. గంజికీ దీనికీ సంబంధమే లేదని నేనూ అనను. ఆకలిలో అన్నం పెట్టినవాడి దేవుడు మంచివాడనిపిస్తాడు, అందులో సిగ్గుపడాల్సిందేముంది? కానీ కొత్తగా చేరినవాళ్ళకు పెట్టిన మూడు నియమాలు చూడండి. విగ్రహాలకు మొక్కొద్దు. చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు. ఆదివారం పని చెయ్యొద్దు.

మూడోది మళ్ళీ చదవండి. తరాల తరబడి పిలిస్తే పరిగెత్తాల్సిన మనిషి. చెప్పులు కుట్టాలి, మోట బొక్కెన కుట్టాలి, జాతరకు డప్పు కొట్టాలి. ఆ మనిషి "రేపు రాను" అన్నాడు. తన పేరు మీద అంటే వీపు చిట్లేది. అందుకే "మా దేవుడు వద్దన్నాడు" అన్నాడు. ఊరి పెత్తందార్లకు కోపం వచ్చింది యేసు మీద కాదు, ఆ "రాను" మీద.

మా నాయనమ్మకు చదువు రాదు. బైబిల్లో ఏముందో సగం తెలియదు. కానీ ఆదివారం కామందు కబురు పెడితే కదిలేది కాదు. పొద్దున్నే తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని గుడికి పోయేది. వారానికి ఒక్కరోజు ఆమె ఎవరి కూలీ కాదు. మూఢనమ్మకమంటారా? నేను దాన్ని సెలవు అంటాను. ఆ సెలవు చట్టంలో రాయకముందే ఆమె తెచ్చుకుంది.

ఇప్పుడు అవతలి దేవుణ్ణి చూడండి. రుగ్వేదం పదో మండలంలోని పురుషసూక్తం ఒకర్ని ముఖం నుంచి, ఒకర్ని పాదాల నుంచి పుట్టించింది. ఆ నాలుగు వర్ణాల లెక్కలో మనం లేనే లేం. అక్కడ దేవుడు ఉరుముకు భయపడి పుట్టలేదు. పెత్తనం కింద సంతకం పెట్టడానికి పుట్టాడు.

కాబట్టి నా వాదన ఇది. మనిషి ఒంటరిగా చెప్పలేని మాటకు పూచీదారుగా దేవుణ్ణి పెట్టుకున్నాడు. పైవాడు "నువ్వు చెయ్యాల్సిందే" అనడానికి ఆయన్ను తెచ్చుకున్నాడు. కిందివాడు "నేను చెయ్యను" అనడానికి తెచ్చుకున్నాడు. రెండింటినీ ఒకే గాటన కట్టి "మూఢత్వం" అనేవాడు తెలిసో తెలియకో పైవాడికే మేలు చేస్తున్నాడు.

అట్లా అని మన దేవుళ్ళకు మాలలు వెయ్యను. ఎల్లమ్మ పేరు మీదే మన ఆడపిల్లల్ని జోగినులను చేశారు. దాన్ని ఆపడానికి ఆంధ్రప్రదేశ్‌లో 1988లో చట్టం చెయ్యాల్సి వచ్చింది. చర్చిలోకీ కులం వచ్చి కూర్చుంది, సమాధుల దొడ్డిలోనూ గీతలు గీసింది. జాషువా క్రైస్తవుడిగానే పుట్టాడు. అయినా ఆయన 1941లో రాసిన 'గబ్బిలం'లో దళితుడు శివుడికి కబురంపడానికి గబ్బిలాన్ని బతిమాలాల్సి వచ్చింది. గుడిలోకి గబ్బిలం పోగలదు, మనిషి పోలేడు. కిందివాడి చేతి నుంచి జారిన దేవుడు మళ్ళీ పైవాడి సంతకమే అవుతాడు.

బాబాసాహెబ్ ఇది చూశాడు. 1935లో యేవలాలో హిందువుగా చావనని ప్రకటించాడు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బౌద్ధం తీసుకున్నాడు. మధ్యలో ఇరవై ఒక్క ఏళ్ళు. భయపడ్డవాడు అన్నేళ్ళు ఆగడు. దేవుడున్నాడా అన్నది ఆయన ప్రశ్న కాదు. ఈ మతం మనిషిని మనిషి పక్కన ఎట్లా నిలబెడుతుంది అన్నదే ప్రశ్న. అందుకే సృష్టికర్త దేవుడే లేని ధమ్మాన్ని ఎంచుకున్నాడు.

తమ్ముడూ, నువ్వు దేవుణ్ణి నమ్మకు. నేనూ నమ్మను. కానీ ఈ ఆదివారం ఇంటికెళ్ళినప్పుడు మీ అమ్మను "ఎందుకు నమ్ముతావ్" అని అడగొద్దు. "ఆ రోజు పనికి రమ్మంటే ఏం చెప్పేదానివి" అని అడుగు. ఆమె చెప్పింది విన్నాక, చప్పట్లు కొట్టాలనిపిస్తే అప్పుడు కొట్టు.

వచ్చే భాగంలో 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు గురించి రాస్తాను. దేవుణ్ణి మార్చుకుంటే కులం పోదు గానీ సర్టిఫికెట్ పోయే కథ అది.