లారీ మారితే కూరగాయల్లో బలం పెరుగుతుందా?

ఏఐ ట్యూటర్ ఉంటే చాలు, పిల్లలకు లెక్కలు ఇట్టే వచ్చేస్తాయి... ఈమధ్య ఎడ్‌టెక్ ప్రకటనల్లో తరచూ వినిపిస్తున్న మాట ఇది. 2026-27 నుంచి మూడో తరగతిలోనే ఏఐ పాఠాలు మొదలుపెడతామని కేంద్ర విద్యాశాఖ కూడా ప్రకటించింది. మరి కొత్త యంత్రం వస్తే చదువు నిజంగా మెరుగవుతుందా? అమెరికాలోని యూనివర్సిటీ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియా ప్రొఫెసర్ రిచర్డ్ ఇ. క్లార్క్ దశాబ్దాల పాటు ఈ ప్రశ్ననే పట్టుకున్నారు. ఆయన తేల్చిన విషయం ఇవాళ మన విద్యార్థులకీ, ఎడ్‌టెక్ ఉద్యోగాల వైపు చూస్తున్న నాలాంటి ఇంజినీర్లకీ బాగా పనికొస్తుంది.

పాత లెక్కలు తిరగేసి...

క్లార్క్‌కి పేరు తెచ్చింది కొత్త ప్రయోగం కాదు, అప్పటికే జరిగిన ప్రయోగాల సమీక్ష. రేడియో, టీవీ, కంప్యూటర్... ఏది వచ్చినా దాంతో పిల్లలు బాగా నేర్చుకుంటున్నారంటూ పరిశోధనలు వెలువడేవి. వాటిని ముందేసుకుని ఆయన 1983లో ‘రివ్యూ ఆఫ్ ఎడ్యుకేషనల్ రీసెర్చ్’ జర్నల్‌లో ఓ వ్యాసం రాశారు. సారాంశం ఇదీ: సరుకులు తెచ్చే లారీ మారినంత మాత్రాన వాటిలో పోషకాలు పెరగవు. పాఠాన్ని మోసుకొచ్చే యంత్రం కూడా అంతే. నేర్పేది బోధన పద్ధతి.

ఊరికే అన్న మాట కాదిది. మిషిగన్ యూనివర్సిటీకి చెందిన జేమ్స్ కులిక్ బృందం కంప్యూటర్ చదువుపై అధ్యయనాలను ఒకచోట చేర్చి లెక్కగట్టింది. 4 వారాల్లోపు ముగిసిన ప్రయోగాల్లో కంప్యూటర్ వాడిన పిల్లల ఆధిక్యం 0.56 స్టాండర్డ్ డీవియేషన్లు. 8 వారాలు దాటినవాటిలో అది 0.20కి పడిపోయింది. కొత్త వస్తువు మీద మోజు తగ్గేకొద్దీ లాభమూ తగ్గిందన్నమాట. క్లార్క్ ఇంకో సంగతీ పట్టుకున్నారు. కంప్యూటర్ క్లాసుకీ, మామూలు క్లాసుకీ ఒకే టీచర్ పాఠం చెబితే తేడా బాగా తగ్గిపోయింది!

అందరూ దీన్ని ఒప్పుకోలేదు. కొన్ని పద్ధతులు కొన్ని సాధనాలతోనే సాధ్యమని రాబర్ట్ కోజ్మా 1991లో అదే జర్నల్‌లో వాదించారు. నిజమే, కదిలే సిమ్యులేషన్‌ని నల్లబల్ల మీద చూపించలేం కదా. 1994లో క్లార్క్ బదులిచ్చారు. ఒకే ఫలితం రెండు సాధనాలతోనూ వస్తుంటే చవకైనదాన్నే ఎంచుకోవాలన్నారు. కోజ్మా మాటలోనూ పస ఉంది. కానీ డబ్బు ఖర్చుపెట్టేవాళ్లు ముందు అడగాల్సింది క్లార్క్ ప్రశ్నే.

ఒకే ఏఐ... రెండు ఫలితాలు

తుర్కియేలో ఓ హైస్కూల్‌లో దాదాపు వెయ్యి మంది విద్యార్థులపై జరిగిన ప్రయోగం 2025లో ‘పీఎన్ఏఎస్’ జర్నల్‌లో వచ్చింది. జీపీటీ-4ని రెండు రకాలుగా ఇచ్చారు. మామూలు చాట్‌బాట్ వాడినవాళ్లు లెక్కల ప్రాక్టీసులో 48 శాతం మెరుగ్గా చేశారు. దాన్ని తీసేసి పరీక్ష పెడితే మాత్రం, అసలు ఏఐ ముట్టనివారి కంటే 17 శాతం వెనకబడ్డారు. రెండోది జవాబు చెప్పదు, టీచర్లు తయారుచేసిన సూచనలతో హింట్ మాత్రమే ఇస్తుంది. అది వాడినవాళ్లు ప్రాక్టీసులో 127 శాతం మెరుగయ్యారు, పరీక్షలో ఆ నష్టం చాలావరకు కనిపించలేదు. అలాగని ఏఐ లేనివాళ్లను దాటిపోయిందీ లేదు. లారీ ఒకటే, సరుకు వేరు!

టెక్నాలజీ పనిచేయదని దీనర్థం కాదు. దిల్లీలో 619 మంది పిల్లలతో మైండ్‌స్పార్క్ సాఫ్ట్‌వేర్‌ని కార్తీక్ మురళీధరన్ బృందం పరీక్షించింది. నాలుగున్నర నెలల్లో గణితంలో 0.37, హిందీలో 0.23 స్టాండర్డ్ డీవియేషన్ల లాభం కనిపించింది. ఎందుకు? పిల్లాడు ఏ తరగతిలో ఉన్నాడన్నది కాకుండా, అతనికి నిజంగా ఎంత వచ్చో చూసి అక్కడి నుంచి నేర్పింది కాబట్టి. పక్కన చిన్న బృందాలకు చెప్పే ట్యూటర్లూ ఉన్నారు.

మన దగ్గర చూస్తే, ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబరులో ప్రభుత్వ బడుల 8వ తరగతి పిల్లలకు బైజూస్ పాఠాలతో ట్యాబ్‌లు పంచారు. 2024 జులైలో ఆ కంపెనీపై దివాలా ప్రక్రియ మొదలైంది. ఎన్ని ట్యాబ్‌లు ఇచ్చామన్నది కొలవడం తేలిక. ఏం నేర్చుకున్నారన్నది కొలవడానికే ఓపిక కావాలి. యునెస్కో 2023 నివేదిక ప్రకారం ఎడ్‌టెక్ ఉత్పత్తులు సగటున 36 నెలలకోసారి మారిపోతున్నాయి. బ్రిటన్‌లో ఇలాంటి కంపెనీల్లో కంట్రోల్డ్ ట్రయల్ చేసినవి 7 శాతమే.

కొలిచేవాళ్లు కావాలి

యాప్ కట్టేవాళ్లు మనలో బోలెడుమంది ఉన్నారు. అది పనిచేస్తోందో లేదో తేల్చేవాళ్లే తక్కువ. కోడింగ్‌కి తోడు స్టాటిస్టిక్స్, ప్రయోగాల రూపకల్పన, మెటా అనాలిసిస్ నేర్చుకుంటే ఇదీ ఒక కెరియర్ అవుతుంది. ఐఐటీ బాంబేలో ఎడ్యుకేషనల్ టెక్నాలజీలో పీహెచ్‌డీ ఉంది. జే-పాల్ లాంటి సంస్థలు క్షేత్రస్థాయి పరిశోధనకు యువతను తీసుకుంటాయి.

కోర్సు కొనేముందైనా, ఎడ్‌టెక్ ఉద్యోగంలో చేరేముందైనా ఈ మూడూ అడగండి:

* ఎన్ని వారాలు పరీక్షించారు?
* యాప్ పక్కన పెట్టి పరీక్ష రాస్తే మార్కులెన్ని?
* అదే డబ్బు, అదే శ్రద్ధ టీచర్ మీద పెట్టి పోల్చి చూశారా?

సూటిగా జవాబు రాకపోతే, వాళ్లు మీకు అమ్ముతున్నది లారీనే.