నడుస్తున్న క్లాసును కూల్చొద్దు

కొత్తగా రాసే ప్రతి రియాక్ట్ స్క్రీనూ ఫంక్షన్‌తోనే రాయాలి. ఇప్పటికే నడుస్తున్న క్లాస్ కాంపొనెంట్‌ను పాతదైందన్న ఒక్క కారణంతో ముట్టుకోకూడదు. ఈ రెండూ కలిపి చెబితే మా ఆఫీసులో కుర్రాళ్లకు రుచించదు. అయినా హైదరాబాద్‌లో ఇన్నేళ్లుగా ఈ కోడ్ మధ్యే బతుకుతున్నదాన్ని కాబట్టి గట్టిగానే చెబుతాను.

వెబ్‌పేజీలో కనిపించే ఒక్కో ముక్కను, అంటే బటన్, ఫారం, జాబితా లాంటివాటిని కాంపొనెంట్ అంటారు. ఫేస్‌బుక్ 2013లో రియాక్ట్ అనే ఈ జావాస్క్రిప్ట్ లైబ్రరీని అందరికీ ఇచ్చింది. 2015 నుంచి కాంపొనెంట్లను జావాస్క్రిప్ట్ క్లాసులతో రాయడం అలవాటైంది. ఫంక్షన్లు అప్పుడూ ఉండేవి కానీ, ఇచ్చిన వివరాన్ని చూపించడం వరకే వాటి పని, ఏదీ గుర్తుపెట్టుకోలేవు. 2019 ఫిబ్రవరిలో 16.8 వెర్షన్‌తో హుక్స్ వచ్చాక ఆ కొరత తీరింది.

ఆస్పత్రిలో ఖాళీ పడకలు చూపే స్క్రీన్ ఒకటి ఉందనుకోండి. అర నిమిషానికోసారి సర్వర్‌ను అడిగి అంకె మార్చాలి. క్లాసులో అయితే టైమర్ మొదలయ్యేది కాంపొనెంట్‌డిడ్‌మౌంట్‌లో. వార్డు మారితే సరిచేసేది కాంపొనెంట్‌డిడ్‌అప్‌డేట్‌లో. స్క్రీన్ మూసినప్పుడు ఆపేది కాంపొనెంట్‌విల్‌అన్‌మౌంట్‌లో. ఒకే పని మూడు చోట్ల, వాటి మధ్య సంబంధం లేని ఇంకో పది పనులు. మూడోది మరిచిపోతే స్క్రీన్ మూసినా టైమర్ తిరుగుతూనే ఉంటుంది. ఫంక్షన్‌లో యూజ్‌ఎఫెక్ట్ అనే ఒక్క హుక్‌లో మొదలూ ముగింపూ పక్కపక్కనే ఉంటాయి. అదే టైమర్ ఐసీయూ స్క్రీన్‌కూ కావాలంటే ఆ ముక్కను సొంత హుక్‌గా విడదీసి రెండు చోట్లా వాడుకోవచ్చు. బటన్‌కు ఇచ్చిన మెథడ్‌ను బైండ్ చేయడం మరిచి, ‘దిస్’ ఎక్కడికి పోయిందో అని సాయంత్రం దాకా వెతుక్కునే అవస్థ కూడా తప్పింది. అందుకే కొత్త పనికి నా ఓటు ఫంక్షన్‌కే.

అంతమాత్రాన ఫంక్షన్ సులువని చెప్పను. క్లాసులో దిస్.స్టేట్ అంటే ఎప్పుడు అడిగినా తాజా విలువే. ఫంక్షన్ మాత్రం ప్రతిసారీ మొదటి నుంచి నడుస్తుంది, నడిచిన ప్రతిసారీ దాని విలువలు వేరు. ఒకప్పుడు పెట్టిన టైమర్ అప్పటి విలువనే పట్టుకుని ఉంటుంది. యూజ్‌ఎఫెక్ట్ కింద, ఏవి మారితే అది మళ్లీ నడవాలో చెబుతూ రాసే డిపెండెన్సీ జాబితాలో వార్డు పేరు వదిలేస్తే, నర్సు ప్రసూతి వార్డు ఎంచుకున్నా టైమర్ పిల్లల వార్డు లెక్కే తెస్తుంటుంది. ఎర్రర్ ఏమీ రాదు. అంకె తప్పు, అంతే. ఆ జాబితాలో ఫంక్షన్ నడిచిన ప్రతిసారీ కొత్తగా పుట్టే ఆబ్జెక్ట్ పెడితే ఇంకో ప్రమాదం. 2025 సెప్టెంబరు 12న ఇంటర్నెట్ సేవల సంస్థ క్లౌడ్‌ఫ్లేర్ డాష్‌బోర్డు నిలిచిపోవడానికి ఒక కారణం సరిగ్గా ఇదేనని ఆ సంస్థే వివరంగా రాసింది. ఒక యూజ్‌ఎఫెక్ట్ మళ్లీ మళ్లీ నడిచి, తమ సర్వర్‌నే అడిగిందే అడుగుతూ దాన్ని ముంచేసింది.

అందుకే తిరగరాయడం ఉచితం కాదంటాను. మా టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి ఒకరోజు, “అక్కా, ఈ ఫైలంతా హుక్స్‌లోకి మార్చేద్దామా?” అంది. ఏం పాడైందని అడిగాను. “పాడవలేదక్కా, పాతగా ఉంది.” ఆ ఫైల్లో పాత పాలసీ నంబరునూ కొత్తదాన్నీ పోల్చే ఒక షరతు ఉంది. పక్కన కామెంట్ లేదు. ఎప్పుడో ఎవరో కస్టమర్ ఫిర్యాదు చేస్తే పెట్టిన షరతు అది. తిరగరాసేటప్పుడు మొదట రాలిపోయేవి ఇలాంటివే. హుక్స్ తెచ్చిన ఫేస్‌బుక్కే తమ దగ్గర వేలకు వేల క్లాస్ కాంపొనెంట్లు ఉన్నాయనీ, వాటిని తిరగరాసే ఆలోచన లేదనీ అప్పుడే చెప్పింది. 2024 డిసెంబరులో వచ్చిన రియాక్ట్ 19 చాలా పాత సామాను తీసేసింది కానీ క్లాసులను ఉంచింది. ఒక ముక్క చెడితే పేజీ మొత్తం తెల్లగా మారిపోకుండా కాపాడే ఎర్రర్ బౌండరీని రియాక్ట్‌లో నేరుగా రాయాలంటే ఇప్పటికీ క్లాసే కావాలి.

పాత క్లాస్ ఫైల్లో ఎలాగూ పెద్ద మార్పు చేయాల్సి వస్తే అప్పుడు మార్చండి, ముందు టెస్టులు రాసుకుని. రియాక్ట్ కంపైలర్ ఇచ్చే వేగం కావాలన్నా మార్చక తప్పదు, అది ఫంక్షన్లనే పట్టించుకుంటుంది.

నన్ను నిజంగా బాధపెట్టేది వేరే ఉంది. శ్రీకాకుళం నుంచో ఖమ్మం నుంచో వచ్చి, ఎస్సార్ నగర్ హాస్టళ్లలో ఉంటూ, అప్పు చేసి అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో ఫీజు కట్టే పిల్లలకు చాలాచోట్ల హుక్స్ మాత్రమే నేర్పి పంపుతున్నారు. 2023లో వచ్చిన రియాక్ట్ కొత్త డాక్యుమెంటేషన్ కూడా క్లాసులను పాతవాటి విభాగంలోకి నెట్టింది కాబట్టి బోధకులను పూర్తిగా తప్పుపట్టలేను. కానీ ఆ పిల్లలకు మొదట దొరికే పని చాలావరకు మెయింటెనెన్సే. హుక్స్ రాకముందు రాసిన బ్యాంకు స్క్రీన్ తెరిస్తే కన్‌స్ట్రక్టర్, సూపర్ కనబడగానే చేతులాడవు. ఆ తడబాటు చూసి మేనేజరు వాళ్లకేమీ రాదని తేల్చేస్తాడు. తెలివికేం తక్కువలేదు, చూపించినవాళ్లు లేరు.

కోచింగ్ సెంటర్లను నేను అడిగేది ఒక్క వారం. క్లాసులు రాయించక్కర్లేదు. ఆ పడకల స్క్రీన్ లాంటి పాత క్లాస్ ఫైలు ఒకటి చేతికిచ్చి, స్క్రీన్ తెరిస్తే ఏ వరుస ముందు నడుస్తుందో, వార్డు మారితే ఏది నడుస్తుందో, టైమర్ ఎక్కడ ఆగుతుందో వాళ్లచేత నోటితో చెప్పించండి.